పూసల కింద ఎరుపు

పోయినవారం చెల్లెల్ని మనం కంటి ఆసుపత్రి వరండాలో వదిలేశాం. లోపల డాక్టరమ్మ చెప్పవలసిందంతా ఆమెకే చెప్పింది. అక్క కంటి వెనక నరం ఎండిపోతోంది. కళ్ళజోడుకీ కత్తికీ లొంగే జబ్బు కాదు. ముందు ఎరుపు పోతుంది, ఆ వెనక ఒక్కొక్క రంగే పోతుంది. బయట బల్లమీద, మందుచుక్కలు వేసిన కళ్ళు మూసుకుని కూర్చున్న అక్క "ఏమందే?" అని అడిగితే, "ఏం లేదట, అద్దాలు మారిస్తే సరిపోతుందట" అంది చెల్లెలు. ఆ అబద్ధానికి ఇంకా పాలపళ్ళయినా రాలేదు, అప్పుడే కరవడం మొదలుపెట్టింది.

వీధిలో అందరూ అక్కని రంగులమ్మ అనీ చెల్లెల్ని పూసలమ్మ అనీ పిలుస్తారు. టైలరు కొట్టు పైనున్న గదిలో, కిటికీ పక్కన, గుడ్డ బిగించిన చెక్క చట్రం ఉంటుంది. దానికి అటు అక్క, ఇటు చెల్లెలు కూర్చుంటారు. ఏ పువ్వు ఏ రంగులో పూయాలో నిర్ణయించేది అక్క. దారంతో రేకులు నింపేది కూడా ఆమే. ఆ దారం మీద పూసలు కుట్టేది చెల్లెలు. "రంగు నాది, పూస నీది" అన్నది ఆ గదికి చట్టం.

అక్కవి మొహమాటపు రంగులు కావు. పసుపు గుడ్డ మీద నెత్తుటి ఎరుపు, దాన్ని ఆనుకునే నెమలినీలం వేస్తుంది. చూసినవాళ్ళు ముందు కళ్ళు చికిలించి, తరవాత శాలువా వదలరు. "ఎరుపూ నీలమూ పక్కపక్కన పెడితే తోటికోడళ్ళలా జుట్లు పట్టుకుంటాయే. మధ్యలో తెల్లపూసల వరస ఒకటి వెయ్యి, పెద్దావిడ వచ్చి కూర్చున్నట్టు రెండూ నోరు మూసుకుంటాయి" అని నవ్వేది. చెల్లెలు వరస వేసేది. రెండు రంగులూ నిజంగానే నోరు మూసుకునేవి.

ఇప్పుడు చట్రం మీద ఉన్నది పెళ్ళి శాలువా. పసుపు గుడ్డ, ఎర్రపువ్వులు, ఇటుకరంగు కాడలు. ఎరుపుకీ ఇటుకరంగుకీ దారం డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. అక్క చూపుకి ఆ రెంటికీ తేడా పోయింది. ఆ సంగతి ఆమెకి తెలియదు. ఒక రేకు ఎరుపు, పక్క రేకు ఇటుక, మళ్ళీ ఎరుపు. ఇటుకరంగు డబ్బా చెల్లెలు ఒకసారి అటక మీద పెట్టేసింది. "కాడలు నీ నెత్తుటితో కుట్టనా?" అని తిట్టి దింపించుకుంది అక్క. ఇంక దారి లేక చెల్లెలు, మధ్యాహ్నం అక్క నడుం వాల్చినప్పుడు ఇటుకరంగు రేకులు విప్పి, వాటిని తనే ఎర్రదారంతో నింపుతోంది. విప్పిన దారం ముక్కలు చెంగున కట్టుకుని వంటింటి చెత్తబుట్టలో అడుగున కుక్కుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె దొంగతనం చెయ్యడం ఇదే మొదలు. అదీ అక్క చేతికింద!

ఒక మధ్యాహ్నం అక్క లేచి మొహం కడుక్కుని వచ్చి చట్రం ముందు కూర్చుంది. సూది అందుకోలేదు. కుడిచేతి చూపుడువేలితో పువ్వు అంచు తడిమింది. ఒక రేకు మీద వేలు ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది.

"ఈ రేకు ఎవరు కుట్టారే?"

"నువ్వే కదక్కా."

"నేనా?"

"మరి ఇంకెవరు కుడతారు? టైలరా?"

"వాడు కుట్టినా బావుండును, మిషను కుట్టులా తిన్నగా ఉండేది. నా కుట్టు వేలి కింద గాజులా జారిపోవాలి. ఇది గరుగ్గా ఉంది. కుట్టుకీ కుట్టుకీ మధ్య పూసకి చోటు వదులుతూ కుట్టే అలవాటు ఈ ఇంట్లో ఎవరికుంది?"

చెల్లెలు పూసల పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"ఇది నీది. ఇదీ నీదే. ఇదిగో, ఇది కూడా." అక్క వేలు పువ్వు నుంచి పువ్వుకి నడుస్తోంది. "నేను నిద్రపోతే నా పని విప్పుతున్నావా? ఎందుకూ, పూసలమ్మ అని పిలిపించుకుని విసుగెత్తిందా? నేనింకా పోలేదే. పోయాక తీసుకో, రంగులూ నీవే, డబ్బాలూ నీవే."

"అక్కా, అలా మాట్లాడకు."

"మరెలా మాట్లాడను? ఇన్నేళ్ళలో నీ పూస ఒక్కటి ముట్టుకున్నానా? వంకరగా కుట్టినా వంకరగానే ఉండనిచ్చాను. నువ్వు నా రంగు మీద చెయ్యి వేశావు."

"అది ఎరుపు కాదక్కా."

"ఏది?"

"నువ్వు కుట్టినది. ఆ రేకులు ఎరుపు కావు. ఇటుకరంగు. నేను విప్పకపోతే పెళ్ళివాళ్ళు శాలువా మొహాన కొడతారు." ఇంత చెప్పాక మిగిలింది గొంతులో ఆగలేదు. నరం సంగతి, అద్దాల అబద్ధం, ముందు ఎరుపు పోతుందన్న మాట, అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ అక్క మొహం చూడలేక, పళ్ళెంలో నీలంపూసల్లోకి పొరపాటున దొర్లిన పచ్చపూస ఒకటి ఏరి పక్కన పెట్టింది.

అక్క కేకలు వేస్తుందనుకుంది. వెయ్యలేదు. రెండు డబ్బాల్లోనూ చేతులు పెట్టి ఒక్కో దారం చిలప తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. తల ఇటు వంచింది, అటు వంచింది. కొత్త కళ్ళజోడు తీసి, పైటతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఈ రెండూ ఒకటే రంగు కదే?"

"కాదక్కా."

"ఎరుపు ఏ చేతిలో ఉంది?"

"కుడిచేతిలో."

అక్క కుడిచేతిలో దారాన్ని చాలాసేపు చూసింది. తప్పిపోయి దొరికిన పిల్ల తనని అమ్మా అనకపోతే చూసినట్టు చూసింది. తరవాత రెండు చిలపలూ చట్రం మీద పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వారం కిందటే కదా చూపించాం..."

"చూపించింది కాదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉండి ఉంటుందంది?"

ఈ ప్రశ్న వస్తుందని చెల్లెలికి తెలుసు. రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. "మెల్లిగా వచ్చే జబ్బుట. ఏడాది పైనే అయి ఉంటుందిట" అంది.

కింద టైలరు మిషను ఆగి ఆగి తిరుగుతోంది.

ఏడాది కిందట ఏం జరిగిందో ఇక్కడ చెప్పుకోవాలి. అప్పుడు చెల్లెలు తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది. ఆమె చోట పూసలు కుట్టడానికి చట్రం ముందు కూర్చున్నది అక్క కోడలు. నల్లపట్టు శాలువా, ఎర్రపువ్వులు, వాటి మీద దట్టంగా నీళ్ళలా తేటగా ఉండే గాజుపూసలు. గాజుపూసకి సొంత రంగు ఉండదు. కింద ఏ దారం ఉంటే ఆ రంగే చెబుతుంది. ఎరుపు మీద కుడితే నిప్పుకణికలా వెలుగుతుంది. శాలువా తీసుకెళ్ళిన ఆవిడ మర్నాడే తిరిగొచ్చి, నలుగురిలో చట్రం మీద పడేసింది. పువ్వులు మాసిపోయినట్టు ఉన్నాయి, అక్కడక్కడ మురికి పట్టినట్టుంది, పూసలు నాసిరకం అంది. అక్క కోడలి వంక తిరిగింది. ఎక్కడ కొన్నావు ఇవి, ఎవరు చెప్పారు ఈ చవకరకం వెయ్యమని, మా చేతికి మచ్చ తెచ్చావు అంది. కోడలు "పూసలు మంచివే అత్తయ్యా, కింద దారం చూడండి, కొన్ని రేకులు ఇటుకరంగు. కుట్టేటప్పుడే చెప్పబోతే మీరు వినలేదు" అంది. "నా రంగుకి నువ్వు వంకపెడతావా?" అని అక్క శాలువా మడిచి పెట్టెలో పడేసింది. ఆ మాటలు వారం పది రోజులు ఇంట్లో తిరిగాయి. చివరికి కొడుకు, "నా పెళ్ళాం అబద్ధం ఆడదమ్మా" అన్న ఒక్క మాట చెప్పి వేరే ఇల్లు చూసుకున్నాడు. చెల్లెలు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి వాళ్ళ గది ఖాళీ. ఆనాటి నుంచి కొడుకు నెలకోసారి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, మందులు ఉన్నాయో లేవో కనుక్కుని పోతాడు.

"పెట్టె తియ్యి" అంది అక్క.

"ఇప్పుడెందుకక్కా..."

"తియ్యవే."

నల్ల శాలువా బల్ల మీద పరిచారు. పూసలు అలాగే ఉన్నాయి. బిగువుగా, ఒద్దికగా, ఒక్కటి కూడా వదులవలేదు. నాసిరకం పూసయితే మడతలో ఉండి ఉండి పైపూత ఊడి గుడ్డకి అంటుకుంటుంది. ఇవి కడిగిన గాజులా ఉన్నాయి. ఆ పిల్ల చెయ్యి ఎంత మంచిదో చెల్లెలు మొదటిసారి చూసింది. చూడకపోయినా బావుండుననుకుంది.

"కత్తెర తీసుకుని ఒక రేకు మీద పూసలు ఊడదియ్యి."

"అక్కా."

"ఆరోజు ఆ పిల్ల కత్తెర ఇమ్మని అడిగింది. నేను ఇవ్వలేదు. అడిగింది చెయ్యి."

చెల్లెలు పూసల దారం ఒకచోట కత్తిరించి లాగింది. పూసలు జలజలా పళ్ళెంలో పడ్డాయి. వాటి కింద రేకు బయటపడింది. దాని వెడల్పులో సగందాకా ఎరుపు. అక్కడి నుంచి కొసదాకా, గీత గీసినట్టుగా, ఇటుకరంగు. కుట్టు మాత్రం మొత్తం ఒకటే. సన్నగా, ఇరుగ్గా, వేలి కింద గాజులా జారేది.

"చెప్పు. ఏ రంగు?"

చెల్లెలు రేకు మీదికి వంగింది. "ఎరుపే" అంది. "అంతా ఎరుపే అక్కా."

అక్క ఆమె వంక చూసింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి తప్పు పిల్లి మీదికి నెట్టినప్పుడు ఏ గొంతుతో చెప్పిందో, ఇప్పుడూ అదే గొంతు. అక్క లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి పిలిచింది.

టైలరు టేపు మెడలో వేసుకునే పైకొచ్చాడు. "ఏంటి అక్కగారూ, టీ ఇస్తారా, తిట్లా?"

"ఇదిగో, ఈ రేకు చూసి ఏ రంగో చెప్పు."

"రంగులమ్మే నన్ను రంగు అడుగుతోందంటే సూర్యుడు ఎటు పొడిచాడో చూడాలి." అతను వంగి చూశాడు. "ఏముందీ, ఈ సగం ఎరుపు, ఈ సగం ఇటుక. గోడకి సున్నం చాలక మట్టి మెత్తినట్టుంది. ఇది మీ కోడలు పిల్ల చేసిన ఘనకార్యమేనా? ఆరోజు వీధంతా వినపడిందిలెండి."

"కాదు" అంది అక్క. "నాది."

టైలరు నవ్వబోయి, చెల్లెలి మొహం చూసి, నవ్వు మింగేశాడు. ఏం అనాలో తెలియక మెడలో టేపు సర్దుకున్నాడు. "మిషను మీద గుడ్డ వదిలొచ్చాను" అని మెల్లిగా మెట్లు దిగిపోయాడు.

అతను వెళ్ళాక చెల్లెలు అక్క చెయ్యి పట్టుకోబోయింది. అక్క ఇవ్వలేదు.

"డాక్టరమ్మ నా కళ్ళు పోతున్నాయంది. సరే, పోతే పోతాయి, వయసయింది. నువ్వు అద్దాలన్నావు చూడు, అప్పటికి నాకు ఇంకా కళ్ళున్నాయి. గుడ్డిదాన్ని చేసింది నువ్వే."

"నువ్వు సూది వదిలేస్తావని భయపడ్డాను."

"వదిలేస్తే?"

"వదిలేస్తే నువ్వు ఉండవు అక్కా. నాకు తెలుసు. నువ్వు లేకపోతే నేనెవరికి పూసలు కుట్టను?"

అక్క చట్రం మీద ఉన్న రెండు చిలపలూ తీసి, రెండూ ఒకే డబ్బాలో పెట్టి మూతపెట్టింది. అది చూశాక చెల్లెలికి ఏడుపు ఆగలేదు. పక్కపక్కన ఉన్న డబ్బాల్లో దారం కలిస్తే చేతి మీద కొట్టిన మనిషి ఆమె.

"ఏడుపు తరవాత. చీర మార్చుకో. ఆ పిల్ల ఇంటికి వెళ్దాం."

"ఫోను చేసి..."

"ఫోనులో ఈ రేకు కనపడుతుందా?"

శాలువా పాత సంచిలో పెట్టుకుని బస్సెక్కారు. కొడుకు ఇల్లు ఊరి అవతల. ఏడాదిగా అక్క ఆ ఇంటి గడప తొక్కలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూనే ఉంది. ఒకచోట బస్సు ఆగితే, "అది ఎర్రలైటా?" అని అడిగింది. అవునంది చెల్లెలు. "ఎక్కడ ఉందో దాన్ని బట్టి అనుకున్నా" అంది అక్క.

మెట్లెక్కి తలుపు కొట్టేసరికి పొద్దు వాలుతోంది. తలుపు బెత్తెడు తెరుచుకుని లోపలి గొలుసుకి తట్టుకుని ఆగింది. ఆ సందులోంచి కోడలి మొహం సగం కనపడింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

"ఆయన ఇంకా రాలేదు అత్తయ్యా."

"వాడి కోసం రాలేదమ్మా. నీ దగ్గరికే వచ్చాం."

కోడలు చెల్లెలి వంక చూసింది. "చిన్నత్తయ్యా, తుంటి ఎలా ఉంది?"

"నడుస్తున్నానమ్మా, ఏదో."

గొలుసు అలాగే ఉంది. అక్క సంచిలోంచి శాలువా తీసి, ఊడదీసిన రేకు పైకి వచ్చేలా మడిచి, తలుపు సందులోంచి లోపలికి ఇచ్చింది. కోడలు చెయ్యి చీరకి తుడుచుకుని అందుకుంది. చూసింది. బొటనవేలితో ఆ రేకు మధ్యలో, రెండు రంగులూ కలిసేచోట, ఒకసారి రాసింది.

"ఆరోజు నేను కత్తెర అడిగాను" అంది.

"అడిగావు."

"మీరు ఇవ్వలేదు."

"ఇవ్వలేదు. నువ్వు అడిగినందుకే ఇవ్వలేదు. కత్తెర ఇస్తే నువ్వన్న మాటకి విలువ ఇచ్చినట్టు అవుతుందని."

కోడలు శాలువా వెలుగులోకి తిప్పింది. "ఎవరు విప్పారు?"

"మీ చిన్నత్త విప్పింది. నా కళ్ళు... డాక్టరు దగ్గరికి వెళ్ళాం."

అది విని కోడలు తలెత్తింది. ఆమె మొహంలో మారిందేమిటో చెల్లెలికి అందలేదు. జాలి అనుకుందామంటే కళ్ళు గట్టిగా ఉన్నాయి. కోడలు పక్క రేకు మీద పూసలు గోటితో ఓరగా తప్పించి, సందులోంచి అక్క మొహానికి దగ్గరగా పట్టింది.

"ఇది ఏ రంగు అత్తయ్యా?"

ఎకసెక్కంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. అది ఎరుపు. పూర్తిగా, కళ్ళు చెదిరే ఎరుపు. ఆ మాట చెల్లెలి పెదవుల దాకా వచ్చింది. అక్క వెనక్కి చూడకుండానే చెయ్యి జాపి చెల్లెలి మణికట్టు నొక్కి పట్టుకుంది.

"తెలియదమ్మా" అంది.

కోడలు శాలువా దించింది. "ఒక మాట అడుగుతాను, తప్పు పట్టుకోకండి. ఏడాది నుంచి మీరు నన్ను దొంగ అన్నట్టే చూశారు. ఇవాళ వచ్చారు. తప్పు నాది కాదని చెప్పడానికి వచ్చారా, ఇక మీదట రంగులు చెప్పడానికి ఒక మనిషి కావాలని వచ్చారా?"

మెట్ల మీద ఎవరో పైకి పోతూ దారి అడిగారు. చెల్లెలు గోడకి ఒదిగి దారి ఇచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయేదాకా అక్క తలుపు సందు మీంచి చూపు తియ్యలేదు.

"బస్సులో అదే ఆలోచించానమ్మా" అంది. "తప్పు చెప్పుకోడానికే వచ్చాననుకుంటున్నాను. కానీ నీ చెయ్యి ఎంత మంచిదో ఇవాళే చూశాను. రెండోది నా మనసులో లేనే లేదని చెప్పలేను. నీ దగ్గర ఇంకో అబద్ధం ఆడలేను."

శాలువా కోడలి చేతిలోనే ఉంది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తలుపు మెల్లిగా, చప్పుడు లేకుండా, పూర్తిగా మూసుకుంది.

చెల్లెలు "పద అక్కా" అంది. అక్క కదల్లేదు.

"ఆగవే. గొలుసు తియ్యాలన్నా ముందు తలుపు మూసే కదా తియ్యాలి."

ఇద్దరూ మూసిన తలుపుకి చెవులు ఆనించినంత దగ్గరగా నిలబడ్డారు. లోపల గొలుసు ఒక్కసారి కదిలింది. ఆ తరవాత ఏమీ వినపడలేదు.